ఒక్క చుక్క పడలేదు

ఈల వినిపించగానే ఝరణా నాయక్ చేతిలోని ఇనుప బీటరును కంకర మీద పడేసి పట్టాల మీంచి పక్కకు దిగింది. ఆమె వెనకే సురమా, ఆ వెనక గ్యాంగులోని మిగతావాళ్లూ దిగారు. ఒక వైపు కొండ, మరో వైపు చిలికా సరస్సు. కట్ట మీద మనిషి నిలబడేందుకు ఉన్న చోటు ఇంతే. ఎండకు సరస్సు తగరపు రేకులా మెరుస్తోంది. పొద్దుటి నుంచి స్లీపర్ల కింద కంకర కూరీ కూరీ అరచేతులు మండుతున్నాయి. బండి వెళ్లేదాకా దొరికే ఆ కాస్త తెరిపి కోసం ఝరణా రోజూ ఎదురుచూస్తుంది.

ఇదివరకైతే బండి వస్తోందంటే అందరూ మొహాలు కొండ వైపు తిప్పి, తువ్వాలు నెత్తి మీదికి లాక్కుని, పెదాలు బిగించుకుని నిలబడేవాళ్లు. పోయిన నెల సెక్షన్ ఇంజనీరు మహాపాత్ర బాబు వచ్చి, ఇక ఈ దారిన నడిచే బండ్లన్నిటికీ కొత్త మరుగుదొడ్లేనని చెప్పాడు. రైలు డబ్బాల కింద ట్యాంకులుంటాయట. వాటిలో కంటికి కనిపించని పురుగులు మలాన్ని నీళ్లుగా మార్చేస్తాయట. పట్టాల మీద ఇక ఏమీ పడదట. ఆ మాట నమ్మి ఝరణా తువ్వాలును నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టింది. బండికి ఎదురుగా మొహం పెట్టి, అది తోసుకొచ్చే గాలికి మెడ మీది చెమట ఆరబెట్టుకోవడం ఆమెకు కొత్తగా దొరికిన సుఖం.

ఎక్స్‌ప్రెస్ కొండ మలుపు తిరిగి వచ్చింది. కాళ్ల కింద కట్ట అదిరింది. ఇంజను దాటింది, డబ్బాలు దాటుతున్నాయి. ప్రతి డబ్బా పక్కనా ఆకుపచ్చ రంగులో ఆకు బొమ్మ. సురమా ఏదో అంటే వినిపించక, "ఏంటీ?" అని అరవడానికి ఝరణా నోరు తెరిచింది. అప్పుడే చెంప మీద, పెదవి మీద, కంటి కొనలో చల్లగా ఏదో వచ్చి కొట్టింది.

బండి వెళ్లిపోయింది. ఝరణా కదలకుండా నిలబడింది. వాసన వచ్చాక గానీ ఏమిటో తెలియలేదు. వెంటనే కూర్చుని కక్కుకుంది.

గ్యాంగును నడిపే మేటు దండపాణి స్వాయి తాగేనీళ్ల క్యాను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, గ్యాంగు మొత్తానికీ మౌసా, బాబాయి వరస.

"కళ్లు తెరవకు తల్లీ, కళ్లు తెరవకు. ముందు నోరు పుక్కిలించు. సురమా, ఆ మిగతా నీళ్లు కూడా పట్రా."

"తాగడానికి?"

"తాగడానికి తర్వాత చూద్దాం. పట్రా!"

ఉన్న నీళ్లన్నీ అయిపోయినా వాసన పోలేదు. సురమా తన కొంగుతో ఆమె మెడ తుడుస్తూ, "పురుగులు తినేస్తాయన్నారు. ఇవాళ వాటికి ఏకాదశేమో" అంది. ఝరణా లేచి బీటరు అందుకుంది. గంటసేపు ఆగకుండా కంకర కూరింది. ఒక్కో దెబ్బా స్లీపరు కిందికి కాకుండా ఎవరి నెత్తి మీదికో వేస్తున్నట్టు వేసింది.

మధ్యాహ్నం మహాపాత్ర బాబు ట్రాలీ మీద వచ్చాడు. ట్రాలీ నిండా మొక్కలు, రంగు జెండాల కట్ట. దిగుతూనే ఝరణాని పిలిచాడు.

"శుక్రవారం సంగతి గుర్తుందిగా? పర్యావరణ దినం. ఈ సెక్షన్‌ని పచ్చదారి అని ప్రకటిస్తున్నారు. జనరల్ మేనేజర్ మాడమ్ స్వయంగా వస్తోంది. వేదిక మీద నువ్వు మొక్క అందుకుని రెండు మాటలు చెప్పాలి. 'మా బాపా రోజుల్లో పట్టాలు మురికిగా ఉండేవి. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. కంపెనీకి నమస్కారాలు.' అంతే. బట్టీ పట్టెయ్."

రైల్వేని ఆ లైను పొడుగునా పాతవాళ్లూ కొత్తవాళ్లూ కంపెనీ అనే అంటారు.

"అవి మూడు మాటలు బాబూ" అంది సురమా.

"నువ్వు నోర్ముయ్."

ఝరణా అతనికి రెండడుగుల దగ్గరగా వెళ్లి ఆగింది. "ఇవాళ ఎక్స్‌ప్రెస్ నుంచి నా మొహాన పడింది బాబూ."

మహాపాత్ర ముక్కుపుటాలు కదిలాయి. వెనక్కి జరగబోయి మానుకున్నాడు. "నీళ్లయి ఉంటాయి. ఎవరో చేతులు కడుక్కుని ఉంటారు."

"చేతులు కడిగిన నీళ్లకు ఈ వాసన ఉండదు."

"చూడమ్మా." గొంతు తగ్గించాడు. "నేనూ ఈ లైను మీద తిరిగేవాణ్ణే. నా చొక్కా మీద పడలేదా? కానీ శుక్రవారం దాకా ఆ మాట నోటి నుంచి రానీకు. పై నుంచి కాగితం మీద సంతకాలైపోయాయి. ఇప్పుడు పడుతోందంటే ఎవరు వింటారు? ముందు నా మెడకు చుట్టుకుంటుంది, తర్వాత నీ మెడకు."

"మరి నా మొహం?"

అతను అప్పటికే మొక్కల వైపు తిరిగాడు. మొక్కలు దింపించి, ఎండకు పెట్టొద్దని చెప్పి ట్రాలీ ఎక్కాడు.

సాయంత్రం గంభారీ రోడ్ స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో, బోరింగు పంపు దగ్గర ఝరణా రెండుసార్లు తల రుద్దుకుంది. ముక్కులోంచి వాసన పోలేదు. తండ్రి కృపాసింధు అరుగు మీద కూర్చుని పాన్ చుడుతున్నాడు. ఆయనా గ్యాంగులోనే వెన్ను వంచి దిగిపోయిన మనిషి. కూతురి సంగతి సురమా నోట అప్పటికే విన్నాడు.

"మా కాలంలో అయితే ఇది సంగతే కాదు" అన్నాడు పాన్ నోట్లో పెట్టుకుంటూ. "బండి పోయాక ఎవడి మీద ఎక్కువ పడిందో వాడు ఆ పూట టీ తాగించాలి. అదీ పందెం."

"నవ్వులాటగా ఉందా బాపా?"

"నవ్వక ఏడవనా? వచ్చిన ప్రతి సాహెబూ ఏదో ఒకటి పచ్చగా చేసి వెళ్లాడు. ఒకాయన కట్ట పొడుగునా సరుగుడు నాటించాడు. తుపానుకు అవన్నీ పట్టాల మీద పడితే మేమే నరికాం. ఇంకొకాయన కర్ర స్లీపర్లు తీయించి సిమెంటువి వేయించాడు. అడవులు బతికాయి అన్నాడు, బతికే ఉంటాయి. కర్రది నలుగురం ఎత్తేవాళ్లం. సిమెంటుది ఎత్తలేక నా నడుం ఇదిగో, ఇలా అయింది. ఆ తర్వాతాయన టీకి మట్టి ముంతలన్నాడు. పగిలిన పెంకులన్నీ పట్టాల మధ్య మా కాళ్లకే." ఆయన ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "చెడ్డ పనులని అనను. మంచి పనులే. కానీ ప్రతి మంచి పనికీ కింద ఎత్తి పట్టుకునేవాడొకడు కావాలిగదా."

అప్పుడే తమ్ముడు బిచిత్ర లోకల్ బండి దిగి వచ్చాడు. ఖజూరియా జంక్షన్ డిపోలో, డబ్బాల కింద మరుగుదొడ్ల ట్యాంకులు చూసుకునే కాంట్రాక్టు పనివాడు అతను. ఆ ట్యాంకులు వచ్చినప్పుడే అతనికా పని వచ్చింది. ఆ రోజు కృపాసింధు వీధంతా రసగుల్లాలు పంచాడు. ఇంటికి రాగానే బిచిత్ర చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాడు, తర్వాత గానీ ఎవరినీ ముట్టుకోడు.

ఝరణా అతని ముందు పఖాళ గిన్నె పెట్టింది. చల్లటి పులిసిన అన్నం, వేయించిన చిన్న చేపలు, వడియాల పొడి. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక తండ్రి సంగతంతా చెప్పాడు.

బిచిత్ర చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"చివరి డబ్బాలా, ముందువా?" అన్నాడు.

"చివరివి" అంది ఝరణా. ఆ తర్వాత తేరిపారజూసింది. "ఎందుకడిగావు?"

"ఊరికే."

"ఊరికే అడిగే ప్రశ్న కాదది. ఒరేయ్ బిచీ, నా మొహం చూడు."

అతను చూడలేదు. గిన్నెలో నీళ్లు కదుపుతున్నాడు. "ట్యాంకు నిండి బిగుసుకుపోతే పక్కన బైపాస్ గొట్టం ఉంటుంది అపా" అన్నాడు అక్కతో. "దాని మూత తిప్పితే ట్యాంకులోకి వెళ్లకుండా నేరుగా కిందికి పోతుంది. పాత పద్ధతిలోలాగే. బండి టైముకు కదలాలంటే తిప్పేయమంటారు."

"ఎవరు తిప్పారు?"

"ఎవరో ఒకరు…"

"ఎవర్రా?"

"నేనే."

అరుగు మీద తండ్రి దగ్గాడు. ఝరణా తమ్ముడి ముందున్న గిన్నె తీసి, నీళ్లు పెరట్లోకి పారబోసి, గిన్నెను నేలకేసి కొట్టింది. "నేనే నీకు వండి పెట్టాలి. నువ్వే నా మొహాన పోయించాలి. ఎంత ముచ్చటైన ఇల్లురా మనది!"

"నీ మీద పడుతుందని నాకేం తెలుసు?"

"నా మీద కాకపోతే సురమా మీద. ఆమె మీద కాకపోతే ఆ ముసలి మౌసా మీద. మనుషులు కారా వాళ్లు? మీకు డబ్బా మీద ఆకు బొమ్మ అంటించడం వచ్చుగానీ…"

"ఆ బొమ్మ నేను అంటించానా?" బిచిత్ర కూడా లేచాడు. "ఒక్కరోజు వచ్చి చూడు అపా. చూసి అప్పుడు తిట్టు."

"వస్తాను. ఎల్లుండి నాకు సెలవు. వచ్చి మీ పెద్దాయన్నే నిలదీస్తాను."

ఆ రాత్రి ఇద్దరూ తినలేదు.

బుధవారం పొద్దున్నే ఝరణా ఉతికిన చీర కట్టుకుని ఖజూరియా బండెక్కింది. దారి పొడుగునా డిపో అధికారికి చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. వినకపోతే యూనియన్ దగ్గరికి వెళ్తాననీ, వాళ్లూ వినకపోతే శుక్రవారం వేదిక మీదే చెబుతాననీ. మాటలు పదునుగా కుదిరాయి. కుదిరిన కొద్దీ కోపం కూడా ఒక దారిలో పడింది.

డిపోలో పట్టాల మధ్య మనిషి లోతు గుంట తవ్వి ఉంటుంది. దాని మీద బండిని నిలబెడితే, కింద నిలబడి డబ్బాల అడుగున పని చేసుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ ఆ గుంట మీద ఉంది. ఝరణా వంగి చూసింది. కింద బిచిత్ర, మరో ఇద్దరు ఉన్నారు. మొత్తానికి ముగ్గురే, బండికేమో బోలెడన్ని ట్యాంకులు. తమ్ముడి మొహానికి గుడ్డ కట్టి ఉంది. చేతులకున్న రబ్బరు తొడుగుల్లో ఒకదానికి బొటనవేలి దగ్గర చిరుగు. ట్యాంకు గొట్టంలోకి ఒక వంకర తీగ దూర్చి లాగుతున్నాడు. తీగ కొనకు ఏదో తగులుతోంది, రావడం లేదు. తీగ పక్కన పెట్టి, మొహం పక్కకు తిప్పి, చెయ్యి లోపల పెట్టాడు. మోచేయి దాకా వెళ్లింది.

ముందు ఒక నీళ్ల సీసా వచ్చింది. తర్వాత పసిపిల్లలకు కట్టే డైపర్లు, తడిసి ఉబ్బినవి. గుట్కా పొట్లాలు గుప్పెళ్లకొద్దీ. ఒక చీర ముక్క. పగిలిన సారా సీసా. ఒక్కోటీ వచ్చినప్పుడల్లా వెనకున్నది జారి అతని భుజం మీద, ఛాతీ మీద పడుతోంది. అతను వెనక్కి తగ్గడం లేదు, తగ్గడానికి గుంటలో చోటు లేదు.

ఝరణా రెండు చేతులతో గుంట అంచు పట్టుకుంది. పైకి చూస్తే గోడకు ఆనించి పెద్ద పీల్చే యంత్రం ఒకటి, టార్పాలిన్ కప్పి ఉంది. టార్పాలిన్ మీద పావురాల రెట్టలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడికి రాకూడదు" అన్నాడు ఫోర్‌మన్ రథ్ బాబు. చెవి దగ్గర ఒక ఫోను, చేతిలో మరో ఫోను. కళ్ల కింద సంచులు.

"నేను గంభారీ రోడ్ గ్యాంగులో పని చేస్తాను ఆగ్యా" అంది, అయ్యా అనే మర్యాద వదలకుండా. "మీరు మూత తిప్పి పంపించే బండి నా మొహాన పోస్తోంది. అది చెప్పడానికొచ్చాను."

ఆయన ఫోను కిందికి దించాడు. కసురుకుంటాడనుకుంది. కసురుకోలేదు.

"మంచిది, చెప్పు. నేను కూడా చెబుతున్నాను, వింటావా? ఆ యంత్రం చెడి చలికాలం నుంచి అలాగే ఉంది. రాశాను. మనుషులు కావాలని రాశాను. వచ్చే మూడు నెలల్లో చూద్దామన్నారు, ఆ మూడు నెలలు రెండుసార్లు గడిచాయి. బండి కదలడం ఆలస్యమైతే మాత్రం నిమిషానికి ఫోను." చేతిలోని ఫోను మోగింది. ఆయన దాన్ని ఆమెకు చూపించాడు. "చూశావా? ఇదీ అదే."

గుంటలోకి వంగి అరిచాడు. "బిచిత్రా! అయిందా?"

"ఇంకా నాలుగు డబ్బాలున్నాయి ఆగ్యా!"

"సిగ్నల్ ఇచ్చేశారు! మిగతావి వదిలేయ్. మూతలు తిప్పేయ్."

బిచిత్ర పైకి చూశాడు. మొహం మీది గుడ్డకు పైన అతని కళ్లు అక్కను చూసి ఆగిపోయాయి. చెయ్యి గొట్టం పక్కనున్న పిడి మీద ఉంది. తిప్పలేదు.

"తిప్పమంటుంటే!" అన్నాడు రథ్.

"తిప్పితే రోజూ ఎవరి మీద పడుతోందో ఆమె అక్కడే నిలబడి ఉంది ఆగ్యా. చేత్తో తీస్తాను. పావుగంట."

"ఇప్పుడు సీసా పెంకు గుచ్చుకుంటే రేపు పనికి ఎవరొస్తారు?" రథ్ ఝరణా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పమ్మా. ఆ పెంట నీ మీద పడాలి, లేకపోతే ఇతని మీద పడాలి. మూడో దారి నా చేతిలో లేదు. ఉంటే నేనిలా ఉండేవాణ్ణి కాదు. ఎవరి మీదో చెప్పు."

ఆమె గుంటలోకి చూసింది. తమ్ముడి మోచేతి నుంచి ఏదో కారి గుంటలో చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఇల్లు చేరగానే అన్నిసార్లు సబ్బు ఎందుకు రుద్దుకుంటాడో, ఇంత చాదస్తమేమిట్రా అని తాను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో జ్ఞాపకం వచ్చింది.

"తిప్పేయ్ రా" అంది.

"అపా…"

"తిప్పేయమన్నాను. తిప్పి పైకి రా."

నాలుగు మూతలూ తిరిగాయి. బండి టైముకు కదిలింది. రథ్ బాబు ఫోనులో "అయిపోయిందండీ, అయిపోయింది" అంటూ అటు వెళ్లిపోయాడు. ఝరణా మళ్లీ ఎవరినీ నిలదీయలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలక, చీర అంచు దారాలు లాగుతూ ఇంటికొచ్చింది.

కానీ కోపం ఎటూ వెళ్లలేదు. గురువారమంతా పనిలో అది ఆమె వెంటే ఉంది. మహాపాత్ర బాబు స్టేషన్‌కు సున్నం వేయించాడు, పట్టాల మధ్య బ్లీచింగు పొడి చల్లించాడు. ఆ పొడికి సురమా కళ్లు మండి నీళ్లు కారాయి. సాయంత్రానికి ఝరణా ఒక నిర్ణయానికి వచ్చింది. తమ్ముడి పేరు చెప్పకూడదు, డిపో పేరు చెప్పకూడదు. అసలు ఏమీ చెప్పక్కర్లేదు. చూపిస్తే చాలు. శుక్రవారం సభ జరుగుతుండగానే ఎక్స్‌ప్రెస్ వస్తుంది. ఆ మాడమ్‌ను తీసుకెళ్లి కట్ట మీద తన పక్కన నిలబెడితే, ఆమె చీర మీద పడ్డది ఎవరూ నీళ్లని బుకాయించలేరు. యంత్రం మీది టార్పాలిన్ అప్పుడు లేస్తుంది, మనుషులు అప్పుడొస్తారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబుదామన్నా, గురువారం బిచిత్ర ఇంటికి రాలేదు. డిపోలో పని ఎక్కువగా ఉంది, అక్కడే ఉండిపోతానని కబురు పంపాడు.

శుక్రవారం ప్లాట్‌ఫారం మీద షామియానా, కుర్చీలు, మైకు. జనరల్ మేనేజర్ ఇందిరా పట్నాయక్ ప్రత్యేక డబ్బాలో వచ్చింది. లేత పసుపు నూలు చీర, తెల్లబడుతున్న జుట్టు, వినేటప్పుడు మనిషి మొహంలోకే చూసే కళ్లు. దురుసు మనిషి కాదని చూడగానే తెలిసింది. ఝరణాకు అది మరింత ఇబ్బంది అనిపించింది. అధికారులు వరుసగా మాట్లాడారు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్ వచ్చిన సంగతి, డీజిల్ పోయి కరెంటు వచ్చిన సంగతి, నాటిన చెట్లు, ఆదా చేసిన నీళ్లు. కృపాసింధు వెనక కుర్చీలో కూర్చుని ప్రతిదానికీ తలూపుతున్నాడు.

ఝరణాను పిలిచారు. మొక్క చేతిలో పెట్టారు. మహాపాత్ర కింద నుంచి పెదాలు కదుపుతూ మొదటి మాట అందిస్తున్నాడు.

"నమస్కారం" అంది ఝరణా మైకులో. "నాకు మాట్లాడ్డం రాదు మాడమ్. ఈ మొక్కను ఇక్కడ కాదు, మేం పని చేసే చోట నాటుదాం. పక్కనే, సిగ్నల్ దాటాక. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ వస్తుంది. మేం నిలబడే చోట, మా పక్కన మీరూ నిలబడి ఒకసారి చూడండి. నేను చెప్పాల్సిందంతా అదే."

మహాపాత్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక అధికారి లేచి, మాడమ్‌కు టైము లేదనీ ఎండగా ఉందనీ అన్నాడు. ఆమె అప్పటికే చెప్పులు సర్దుకుంటోంది. "ఎండలో వీళ్లు రోజంతా ఉంటారు. నేను కాసేపు ఉండలేనా? పద ఝరణా."

అందరూ కట్ట వెంట నడిచారు. ఫోటోలవాళ్లు కంకరలో తూలుతూ వచ్చారు. దండపాణి ఝరణా చెవి దగ్గర, "ఏం చేస్తున్నావో తెలుసా?" అన్నాడు.

"తెలుసు మౌసా."

"అయితే సరే" అని ఆయన కూడా ఆమె పక్కన నిలబడ్డాడు.

ఈల మోగింది. ఝరణా మాడమ్‌ను పట్టాలకు తగినంత ఎడంగా, కానీ తాము రోజూ నిలబడే సరిగ్గా ఆ వరుసలో నిలబెట్టింది. ఒక్క క్షణం జాలి వేసింది. కళ్లు మూసుకోమని చెబుదామా అనుకుంది. చెప్పలేదు. కొండ మలుపులో ఇంజను కనిపించింది. గ్యాంగు వాళ్లంతా అలవాటుగా మొహాలు తిప్పేశారు. ఝరణా తిప్పలేదు.

బండి వచ్చింది. డబ్బా తర్వాత డబ్బా. గాలి, దుమ్ము, చక్రాల మోత. మాడమ్ పమిట ఎగిరి ఝరణా భుజం మీద పడింది. ఝరణా ఊపిరి బిగబట్టి చివరి డబ్బాల కోసం చూసింది. అవి వచ్చాయి, వెళ్లాయి. గార్డు పచ్చ జెండా ఊపుతూ దూరమయ్యాడు.

ఏమీ పడలేదు.

ఝరణా చెంప తడుముకుంది, దుమ్ము తగిలింది. మాడమ్ తన చీర చూసుకుంది, చేతులు చూసుకుంది, తర్వాత నవ్వుతూ అధికారుల వైపు తిరిగింది. "ఒక్క చుక్క లేదు! చూశారా? ఉపన్యాసాలు మీరు ఎన్నైనా ఇస్తారు. ఈ అమ్మాయి చూపించింది." ఝరణా భుజం మీద చెయ్యి వేసింది. "నీ పట్టాల గురించి ఎంత గర్వం లేకపోతే నన్ను ఇక్కడిదాకా తీసుకొస్తావు!"

చప్పట్లు మోగాయి. మొక్క నాటారు, ఫోటోలు తీశారు. నవ్వమన్నారు, ఝరణా నవ్వింది. "కాదు మాడమ్, రోజూ ఇలా ఉండదు" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. కానీ ఏం చూపించి చెప్పాలి? తాను తెచ్చిన సాక్ష్యమే ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పి వెళ్లిపోయింది. అయినా "మాడమ్, డిపోలో…" అని మొదలుపెట్టేసరికి, ఆ చప్పట్లలో ఎవరో ఆమెకూ మాడమ్‌కూ మధ్య నీళ్ల సీసా పట్టుకుని దూరారు. ప్రత్యేక డబ్బా వెళ్లిపోయాక మహాపాత్ర నుదురు తుడుచుకుంటూ వచ్చి, "ప్రాణం తీశావు కదే! ముందే చెప్పొచ్చుగా, ఇంత గొప్ప ఆలోచన అని" అన్నాడు.

ఇంటికెళ్లేసరికి బిచిత్ర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సబ్బుతో కడుక్కున్న చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాడు. కుడి అరచేతికి కట్టు, కట్టు మీద ఎర్రగా మరక. ఎడమ చేతి వేళ్లు వాచి దగ్గరికి ముడుచుకోవడం లేదు. కళ్లు నిద్ర లేక ఎర్రబడ్డాయి, మొహం మాత్రం వెలుగుతోంది.

"పడిందా అపా?" అన్నాడు ఆమెను చూడగానే.

ఝరణా గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్ని ట్యాంకులూ తీశాం. ఒక్క మూత కూడా తిప్పలేదు. నిన్న బండి రాగానే మొదలెడితే ఇవాళ కదిలేదాకా పట్టింది. మిగతా ఇద్దరినీ కాళ్లు పట్టుకుని ఒప్పించాను, మా అక్కకు వేదిక మీద సన్మానం, ఆ రోజైనా ఆమె మీద పడకూడదని. రథ్ బాబు కూడా షర్టు విప్పి గుంటలోకి దిగాడు, తెలుసా?" ఆమె మాట్లాడకపోయేసరికి అతని మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "ఏం, పడిందా?"

ఆమెకు అరవాలనిపించింది. ఎవరడిగారురా నిన్ను, ఈ ఒక్క రోజు పడి ఉంటే చాలేది, నీ చేతులు బాగుపడేవి అని. తండ్రి లోపల్నుంచి సభ సంగతులు గట్టిగా చెబుతున్నాడు. మాడమ్ భుజం మీద చెయ్యి వేసిందనీ, ఫోటో పేపర్లో వస్తుందనీ.

"లేదు" అంది ఝరణా. "ఒక్క చుక్క పడలేదు."

బిచిత్ర కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. "హమ్మయ్య."

ఆమె లోపలికి వెళ్లి పఖాళ గిన్నె తెచ్చి అతని ముందు కూర్చుంది. అతను కుడి చెయ్యి చాపి, కట్టు చూసుకుని, ఎడమ చెయ్యి చాపి, నవ్వాడు. ఝరణా ముద్ద కలిపి అతని నోటి దగ్గర పెట్టింది. చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. రెండో ముద్ద, మూడో ముద్ద. నాలుగో ముద్ద కలుపుతూ, గిన్నెలోకే చూస్తూ అడిగింది.

"రేపు?"

"రేపు మళ్లీ మేం ముగ్గురమే. రథ్ బాబు దిగడు." నమిలి మింగాడు. "అయినా నాలుగైదు డబ్బాలైనా తీస్తానులే. నీ డ్యూటీ అక్కడేగా."

"వద్దు."

"ఏం వద్దు?"

"మూతలు తిప్పేయ్. రేపు కూడా, ఎల్లుండి కూడా. ఆ యంత్రం బాగుపడేదాకా ఇంకెప్పుడూ లోపల చెయ్యి పెట్టకు."

"నీ మీద పడుతుంది కదా?"

"పడనీ" అంది ఝరణా. ముద్ద అతని పెదాల దగ్గర పెట్టి, చెయ్యి అక్కడే ఆపింది. "పడితే నీ చెయ్యి బయటే ఉందని నాకు తెలుస్తుంది. తిను."